పొదుపు షవర్

రెండేళ్ల కిందట ఎండలు ముదురుతున్న రోజుల్లో మా ముదీర్, అంటే మేనేజర్, నన్ను పిలిచి దుబాయ్ శివారు అల్ ఖూజ్‌లోని కంపెనీ క్యాంపుకు వెళ్లి నీటి పొదుపు గురించి కూలీలకు అరగంట చెప్పి రమ్మన్నాడు. నేను సేఫ్టీ ఆఫీసర్ని. హెల్మెట్ల గురించి తప్ప దేని గురించీ ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి కాను. అయినా ఏసీ కారులో వెళ్లి, అప్పుడే డ్యూటీ దిగి వచ్చినవాళ్లను మెస్‌లో కూర్చోబెట్టి హిందీలో మొదలుపెట్టాను. స్నానం ఐదు నిమిషాల్లో ముగించాలన్నాను.

అంతా విన్నాక జగిత్యాల వైపు మేస్త్రి ఒకాయన లేచాడు. నేను తెలుగువాణ్ణని అతనికి తెలుసు.

"సార్, పొద్దుగాల బాత్రూం కాడ లైనుంటది. రెండు నిమిషాలైతే ఎనుకున్నోడు తలుపు కొడ్తడు. ఐదు నిమిషాలంటె మాకు పండుగే," అన్నాడు. నవ్వకుండానే అడిగాడు: "మీరు ఇంట్ల ఎంతసేపు తానం చేస్తరు సార్?"

"ఐదు నిమిషాలే," అన్నాను. ఇరవైకి తక్కువ నేనెప్పుడూ చేయలేదు.

ఆ అబద్ధం ఇంటికొచ్చినా వదల్లేదు. మర్నాడే నీళ్లు తక్కువగా వదిలే షవర్ హెడ్ కొన్నాను. సెలవు రోజు పానా పట్టుకుని పాతది విప్పి, పైపు చివరి మరల మీద తెల్ల టేపు చుట్టి కొత్తది బిగించాను. మొదట పక్కనుంచి కారింది. విప్పి మళ్లీ చుట్టాను. ఆగింది. గర్వంగా దాని కిందే నిలబడ్డాను. నీళ్లు దారాల్లా సన్నగా పడ్డాయి. తలమీది షాంపూ వదలడానికే అరగంట పట్టింది.

మా ఆవిడను పిలిచి చూపించాను.

"బావుందండీ. మీకు పనికొస్తుంది," అంది.

"నీకు పనికిరాదా?"

"నేనెప్పుడు షవర్ కింద నిలబడ్డాను? వేసవిలో ట్యాంకు నీళ్లు ఒళ్లు కాలిపోయేలా వస్తాయి కదా. రాత్రి బకెట్ పట్టి పెట్టుకుంటే పొద్దుటికి చల్లారతాయి. ఆరేళ్లుగా నాకు ఆ ఒక్క బకెట్టే."

ఆ బకెట్ నాకు బాగా తెలుసు. ఇల్లు తుడిచే నీళ్లనుకుని, కాళ్లకు అడ్డమని ఎన్నోసార్లు ఒంపేశాను. ఆ మాటే ఒప్పుకున్నాను.

"తెలుసు. ఇంట్లో ఉన్నదే ఇద్దరం. మళ్లీ పట్టుకునేదాన్ని," అంది.

నాకు సిగ్గేసింది. సాయంత్రం వెళ్లి నాకూ ఒక బకెట్, మగ్గు తెచ్చుకున్నాను. ఇప్పుడు ఇద్దరి స్నానాలూ రెండు బకెట్లతో అయిపోతున్నాయి. కొత్త షవర్ చుట్టాలకు మిగిలింది. దాని కిందినుంచి బయటికొచ్చిన ప్రతివాళ్లూ తల తుడుచుకుంటూ, దుబాయ్‌లో కూడా నీళ్లకు ఇంత కరువా అని జాలిపడుతుంటారు.