పక్కింటావిడ కోసం అడిగాను

టైమాఫీసు బాబుగారు పోయారని మొన్న కూరగాయల బజార్లో తెలిసింది. ఒకప్పుడు నా పక్కన కూర్చుని జీడిపిక్కలు కొట్టిన ఆవిడ వంకాయలు ఏరుతూ ఏరుతూ ఆగి, "నీకు తెలీదేటి, బాబుగారు పోనారట" అంది. పెద్ద వయసే. నిద్రలోనే పోయారట, ఎవర్నీ కష్టపెట్టలేదట. నేను సంచీ పక్కన పెట్టి అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను. ముందు ఏడుపు రాలేదు, భయమేసింది. ఇకమీదట నాకేదైనా అనుమానం వస్తే ఎవర్ని అడగాలి అని.

నాకు అనుమానాలు ఎక్కువ. గ్యాసు కట్టానో లేదో అని సగం దారిలోంచి వెనక్కొచ్చే మనిషిని. చదువు ఐదో తరగతి దాటలేదు, ఇంటికి కాగితం ముక్క వస్తే గుండె దడ. ఇది రాస్తున్నా ఏం తప్పు రాస్తానోనని భయంగానే ఉంది. ఆయన పెద్దమ్మాయి వచ్చి, నాన్నగారి గురించి మీకు తోచింది రాయండమ్మా, పుస్తకంలా వేసి అందరికీ పంచుతాం అంటే కాదనలేకపోయాను. తప్పులుంటే మీరే సర్దుకోండి.

టైమాఫీసు అంటే ఇప్పటి పిల్లలకి తెలీదు. డెబ్బైల్లో, ఎనభైల్లో నర్సీపట్నంలో మేం పనిచేసిన జీడిపప్పు ఫ్యాక్టరీలో గేటు పక్కన అదొక చిన్న గది. ఎవరొచ్చారు, ఎవరికి సెలవు, ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలి, ఎవరికి ఎవరితో తగువు, అన్నీ ఆ గది కిటికీ దగ్గరే తేలేవి. కిటికీ లోపల ఆయన. బయట మేం, చేతులకి బూడిద రాసుకుని. జీడిరసం తగిలితే చర్మం ఊడొచ్చేస్తుంది, అందుకని బూడిద.

ఏది అడిగినా ఆయన వెంటనే చెప్పేవారు కాదు. "కనుక్కుని రేపు చెబుతాను" అనేవారు. మాలో నోటిదురుసు మనిషి ఒకర్తి ఉండేది. "ఈ బాబుని మీకు పెళ్ళయిందా అనడిగినా రేపే సెబుతారు" అని అందర్నీ నవ్వించింది. ఆ మాట కిటికీలోకి వినపడింది. ఆయన తలెత్తకుండానే, "ఇంట్లో కనుక్కుని చెబుతానమ్మా" అన్నారు.

కానీ రేపంటే రేపే. మేం మర్చిపోయినా ఆయనే పిలిచి చెప్పేవారు. చట్టం సంగతైతే బస్సెక్కి అనకాపల్లి లేబరాఫీసులో అడిగొచ్చేవారు. బస్సంటే ఆయనకి వాంతులు. నిమ్మకాయ వాసన చూసుకుంటూ వెళ్ళి, మొహం పాలిపోయి దిగేవారు.

ఒకసారి కోటవురట్ల వైపు నుంచి వచ్చే పిల్ల మేస్త్రితో గొడవపడి, నీ పనొద్దు నువ్వొద్దు మానేస్తన్నాను అంటూ కిటికీ దగ్గరకొచ్చింది. వెనకాలే మేస్త్రి, తనే మానేస్తానంది, రాసేయండి బాబూ అని. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "పిక్కల చప్పుడికి ఏమీ వినపడలేదు. రేపొచ్చి చెప్పమ్మా" అన్నారు. మర్నాడు ఆ పిల్ల అందరికంటే ముందొచ్చి తన చోట కూర్చుంది. అప్పట్నించి మా అందరికీ అదే చెప్పేవారు. కోపంలో మానేస్తానని అనకండమ్మా, ఇంటికెళ్ళి అన్నం తినండి, అప్పటికీ అనాలనిపిస్తే రేపొచ్చి అనండి అని. నా మొగుడు మీద కోపం వచ్చినప్పుడు కూడా ఆ మాట నాకు పనికొచ్చింది.

మెత్తటి మనిషనుకునేరు, కాదు. మా అత్తకి జ్వరం వచ్చి ఒకరోజు నేను ఆలస్యంగా వెళ్తే అరపూట కూలి కోసేశారు. ఏడ్చినా మార్చలేదు. "నీకు మారిస్తే అందరికీ మార్చాలి. రేపు బేగి రా" అన్నారు. ఆ కోపం నాకు చాన్నాళ్ళు ఉంది.

ఆయన ఎందుకు మర్చిపోలేని మనిషో చెప్పాలంటే మా ఆడవాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. కడుపుతో ఉన్నామని మేం బయటికి చెప్పేవాళ్ళం కాదు. దిష్టి తగులుతుందని. కుదిరినన్నాళ్ళు చీర కొంగు నిండా కప్పుకుని పిక్కలు కొట్టడం, కుదరనప్పుడు ఒకరోజు నుంచి రావడం మానేయడం. ఏమైందని అడిగితే ఇంట్లోవాళ్ళు ఊరెళ్ళిందని చెప్పేవాళ్ళు. ఆఫీసులో చెప్పకుండా మానేసినట్టు రాసుకునేవారు. బిడ్డని కన్నాక తిరిగొస్తే మళ్ళీ కొత్తమనిషే. ఎన్నాళ్ళు చేసినా లెక్కలోకి రాదు, కొత్తవాళ్ళతోపాటు పిక్కలు కాల్చే భట్టీ పొగ పక్కన కూర్చోవాలి. బాబుగారు ఆ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చినప్పుడు అన్నారట, ఇక్కడ ఆడవాళ్ళంతా ఊరెళ్ళి బిడ్డతో వస్తున్నారు, ఆ ఊరేదో నాకూ చూపించండమ్మా అని.

నా వంతు వచ్చేసరికి ఇంకో చిక్కు వచ్చింది. సీజను మధ్యలో మనుషులు చాలక ఫ్యాక్టరీ షావుకారుగారికి కోపం వచ్చి, చెప్పకుండా మానేసినవాళ్ళని ఇంక గేటు లోపలికి రానివ్వొద్దని ఆర్డరేశారు. మా ఆయనకి చెరుకు గానుగాడే రోజుల్లోనే పని. మిగతా రోజులు ఇల్లు నా చేతుల మీదే నడవాలి. చెప్పకపోతే పని పోతుంది. చెబుదామంటే, అప్పటికే నాకు రెండు కడుపులు నిలవలేదు. రెండుసార్లూ నేనే సంతోషం పట్టలేక పక్కవాళ్ళకి చెప్పానని మా అత్త నమ్మకం. "ఈసారి నోటంట రానిచ్చావో సూడు" అంది. నేనూ నమ్మాను. ఇప్పటికీ పూర్తిగా నమ్మకం పోలేదు, మీరు నవ్వుకున్నా సరే.

భట్టీ పొగ షెడ్డంతా కమ్మేది, దానికి తల తిరిగేది. చెయ్యి నెమ్మదించింది. మేస్త్రి రోజూ సణిగేవాడు. చివరికి ఒకరోజు మధ్యాహ్నం కిటికీ దగ్గరకెళ్ళాను.

"బాబూ, మా పక్కింటావిడ ఒకర్తుంది. వేరే చోట పని చేస్తంది. సెప్పకుండా కొన్నాళ్ళు రాకపోతే ఆవిడ్ని తీసేత్తారా?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని నన్ను చూశారు. "ఎందుకు చెప్పదమ్మా మీ పక్కింటావిడ?"

"సెబితే నిలవదని భయం బాబూ. ఇంతకుముందు నిలవలేదు."

అక్కడికి ఏడుపొచ్చేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. పక్కింటావిడ కోసం అంత ఏడుపు ఎవరు ఏడుస్తారు. ఆయన మాత్రం ఏమీ ఎరగనట్టు, మీ పక్కింటావిడ సంగతి కనుక్కుని రేపు చెబుతాను అన్నారు.

మర్నాడు పొద్దున్న కిటికీ మూసుంది. షావుకారుగారితో చెప్పేశారేమో, అందుకే నాకు కనపడటం లేదేమో అని పని మధ్యలో లేచి లేచి అటే చూశాను. మధ్యాహ్నం బస్సుకి పాలిపోయిన మొహంతో దిగారు. నన్ను పిలిచారు.

"ముందుగా చెబితే మంచిదే. చెప్పలేకపోతే బిడ్డ పుట్టాక చెప్పినా చట్టం కాదనదట. మానేసినట్టు రాయకూడదు, తీసెయ్యకూడదు. గట్టిగా అడిగే వచ్చాను." నీళ్ళు తాగి, "ఎప్పుడు చెప్పాలో ఆవిడిష్టం. భయం మానేసి వేళకి తినమని చెప్పు" అన్నారు.

ఆ మర్నాడు మేస్త్రి వచ్చి, విసుక్కుంటూనే నన్ను పొగలోంచి లేపి పప్పు మీద పొట్టు తీసే గదిలోకి పంపాడు. ఎవరూ ఎందుకని అడగలేదు.

ఇక పని కుదరని రోజు వచ్చాక నేనూ అందరిలాగే 'ఊరెళ్ళాను'. మా అమ్మాయి పుట్టింది, బతికింది. మా ఆయన వెళ్ళి కిటికీ దగ్గర చెప్పి, ఇంటికొచ్చి అయోమయంగా, "మన పక్కింటావిడకేటయింది? క్షేమమేనా అని బాబుగారు మరీ మరీ అడుగుతున్నారు" అన్నాడు. పురుడు గదిలో నేను నవ్వలేక చచ్చాను.

నవ్వు ఎంతసేపులే. ఫ్యాక్టరీలో నీళ్ళందించే ఆవిడ చూడ్డానికొచ్చి చెప్పింది, నువ్వు లేనప్పుడు షావుకారుగారు నీ పేరు కొట్టేయమన్నారని. బాబుగారు ఎదురు నిలబడి, కొట్టేస్తే మనం అనకాపల్లిలో సమాధానం చెప్పుకోవాలండీ, నాకా బస్సు పడదు అన్నారట. షావుకారుగారు ఏమన్నారో ఆవిడ వినలేదు. అది వినకపోవడం నా ప్రాణానికొచ్చింది. పాలిస్తున్నా అదే ఆలోచన, పడుకున్నా అదే.

నా తర్వాత ఆ షెడ్డులో ఎవరికి నెల తప్పినా పక్కింటావిడ కోసం కిటికీ దగ్గరికెళ్ళడమే. నర్సీపట్నంలో పక్కింటావిడలు ఎక్కువైపోతున్నారమ్మా అనేవారు ఆయన. రిటైరయ్యాక కూడా నేను వదల్లేదు. మా అమ్మాయి ఉద్యోగం సంగతి, అల్లుడి సెలవు సంగతి, దారిలో కనపడితే అడిగేయడమే. ఇప్పుడు రూల్స్ మారాయేమో, కనుక్కుని చెబుతాను అనేవారు. ఆ వయసులో ఎవర్ని కనుక్కునేవారో, మా ఇంటికొచ్చి మరీ చెప్పి వెళ్ళేవారు.

నేను మళ్ళీ పనిలోకి వెళ్ళిన రోజు చెప్పి ఆపేస్తాను. బిడ్డనెత్తుకుని మా అత్త గేటు బయట కూర్చుంది. లోపల పొద్దుటి హాజరుకి అందరూ నిలబడ్డారు. కొత్తగా చేరినవాళ్ళ పేర్లు ఆఖర్న పిలుస్తారు గనక నేను అందరికంటే వెనక, గోడవార నిలబడ్డాను. నా పేరే ఉండదేమో, అందరూ లోపలికి పోయాక నన్ను ఒక్కదాన్నీ పంపేస్తారేమో అని గేటు వైపే చూస్తున్నాను. బాబుగారు చేరిన వరసలో ఒక్కో పేరే చదువుతున్నారు. ఆఖర్నే కదా అని నేనింకా వినడం మొదలుపెట్టనేలేదు. నాకంటే సరిగ్గా ముందు చేరిన ఆవిడ పేరు అయింది. వెంటనే నా పేరు పిలిచారు, పాత చోటులోనే, నిన్న సాయంత్రం ఇంటికెళ్ళి ఈ పొద్దున్న వచ్చినట్టు. ముందువాళ్ళు వెనక్కి తిరిగి చూస్తున్నారు. ఆయన రెండోసారి పిలవలేదు, తర్వాతి పేరుకీ వెళ్ళలేదు. కలం కాగితం మీద ఆనించి, తల వంచుకుని, నేను పలికేదాకా అలాగే ఆగారు.