కవ్వంతో చిలికిన వేపనూనె

మొన్న మనవరాలి కుక్కపిల్లకు పిడుదుల మందు కొందామని విరుదునగర్‌లో ఒక అంగడికి వెళ్ళాను. వాళ్ళిచ్చిన తెల్లటి మందు మూత తీయగానే వేపనూనె వాసన గుప్పుమంది, నేను అక్కడే నిలబడి నవ్వేశాను.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో, కడంబూరు దగ్గరి మా పల్లెలో, మా అత్తగారు దూడనాటి నుంచి పెంచుకున్న ఎర్రావుకు ఒళ్ళంతా పిడుదులు, మా ఊరి మాటలో ఉణ్ణి, పట్టి, చెవుల్లోనూ పొదుగు మీదా ఆముదపు గింజల్లా ఉబ్బి వేలాడేవి. ఆవు చిక్కిపోయింది, పాలు తగ్గాయి. మామగారు విసిగిపోయారు.

"ఉణ్ణి పట్టిన ఆవుని ఎన్నాళ్ళు మేపేది? వచ్చే సందకి ఒట్టపిడారం తోలి అమ్మేస్తా!"

అత్తగారు ఆ పూట అన్నం ముట్టలేదు.

మరునాడు ఆమె వేపనూనెను నీళ్ళలో కలపబోతే నూనె పైకి తేలి, ఆవు వెంట్రుకల మీద జిడ్డుగా నిలిచిందే తప్ప చర్మం దాకా దిగలేదు. తలంటుకు నానబెట్టే కుంకుడురసం పోస్తే కలుస్తుందేమోనని నేను జంకుతూ అన్నాను.

"దానికేమి, చేసి చూస్తాం రామ్మే" అంటూ ఆమె ఇంట్లో ఉన్న ఒకే ఒక కవ్వం తెచ్చేశారు. నేను కుండ పట్టుకుంటే ఆమె తాడు లాగారు, చూస్తుండగానే నూనె నీళ్ళలో కలిసిపోయి పాలలా తెల్లబడింది. ఎండ తగ్గాక ఇద్దరం పాతగుడ్డలతో ఆవుకు రుద్దాం. అలా కొన్నిసార్లు చేసేసరికి పిడుదులు ఎండి రాలసాగాయి, కోళ్ళు పండగలా ఏరుకు తిన్నాయి.

కవ్వాన్ని ఎంత తోమినా వాసన పోలేదు. దానితోనే చిలికిన మజ్జిగ నోట పోసుకున్న మామగారి ముఖం ముడుచుకుపోయింది.

"ఏంది ఇది, మోరా, మరుందా?" మజ్జిగో మందో తేలలేదు ఆయనకు.

"మందే. తాగండి, మీకూ ఉణ్ణి పట్టదు" అన్నారు అత్తగారు.

ఆయన గట్టిగా నవ్వేశారు. ఆవును సంతకు తోలలేదు సరికదా, కోవిల్‌పట్టి వెళ్ళి కొత్త కవ్వం కొనుక్కొచ్చి, మా కోడలి మందు అంటూ ఊరంతా చెప్పుకున్నారు.

అప్పటిదాకా నన్ను కొత్తపిల్ల అనే అత్తగారు, ఆ తర్వాతే పేరు పెట్టి పిలవసాగారు. ఇప్పుడు మా వీధిలో ఆవులున్న ఇళ్ళు ఒకటో రెండో. ఊరందరికీ నేను అవ్వను, పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఒక్కోసారి పెరట్లో ఉన్నప్పుడు, లోపలినుంచి అత్తగారు నన్ను పేరుతో పిలిచినట్టే అనిపించి, వస్తున్నానత్తా అనబోయి ఆగిపోతాను.