విరిగిన తొలి బండ

బేతంచెర్లలో మా మామ ఇంటికి పోయినప్పుడల్లా నేను పెరటి వైపు నుంచే లోపలికి పోతాను. "ముందు వాకిలి ఏం పాపం చేసిందే?" అని అత్త ఎగతాళి చేస్తుంది. ఏం చెప్పను? నా సిగ్గంతా ఆ వాకిట్లోనే పరిచి ఉంది.

మామ అంటే అమ్మ తమ్ముడు. ఆయనకు నాపరాళ్ళు కోసే ఫ్యాక్టరీ ఉంది. కోత మిషన్‌ను నడిపే పాత కంప్యూటర్ ఒకరోజు పొగలు కక్కి చచ్చింది. మిషన్ చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. పని ఆగిపోయేసరికి కూలీలు పక్క ఫ్యాక్టరీల వైపు చూడటం మొదలుపెట్టారు. మామ కొత్త కంప్యూటర్ కొన్నాడు. కానీ మిషన్‌తో మాట్లాడే మాడ్యూల్, అంటే ఒక చిన్న ప్రోగ్రాము, పాత కెర్నెల్ కోసం రాసింది. కంప్యూటర్‌ను లోపలి నుంచి నడిపే కెర్నెల్ మారితే పాత మాడ్యూల్ దాంట్లో ఇమడదు. అలాంటివాటిని సరిచేయడమే నా ఉద్యోగం.

"ఇంతేనా మామా? ఇది నాకు ఎడమచేతి పని" అన్నాను. ఎంత పొగరు!

పేరు మారిన ఫంక్షన్లను మార్చాను, తీసేసిన వాటికి బదులు వెతికాను. చివరికి ఒక్క తప్పు చూపకుండా మాడ్యూల్ కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కింది. రాయి పెట్టకుండా నడిపి చూశాను. నీళ్ళు పడ్డాయి, బ్లేడు దిగింది. నా అంత మొనగత్తె లేదనుకున్నాను.

మిషన్ మళ్ళీ మొదలుపెట్టే రోజు కొబ్బరికాయ కొడతారు. ఆ రోజు కోసిన తొలి బండను మామ అమ్మడు, ఇంటికి తెచ్చి పరుస్తాడు. చూడ్డానికి బజారంతా వచ్చింది. "మా అక్క కూతురప్పా! శానా తెలివి ఉండాది" అని మామ అందరికీ చెప్పుకున్నాడు. నా దగ్గరికి వచ్చి మాత్రం, "పాపా, ముందు పనికిరాని రాయొకటి పెట్టి చూద్దామా?" అన్నాడు మెల్లగా. అవతల అత్త రాహుకాలం వచ్చేస్తోందని తొందరపెడుతోంది.

"అక్కర్లేదు మామా, నన్ను నమ్ము" అన్నాను.

కీచుమని అరుపు, తెల్లటి దుమ్ము, ఫట్టుమని బండ రెండు ముక్కలు. రాయి తడవకముందే బ్లేడు దిగిపోయింది; పొడి రాయిని కోస్తే వేడికి పగులుతుంది. నీళ్ళు పారేదాకా ఎంతసేపు ఆగాలో పాత మాడ్యూల్ రాసినాయన సెకన్లలో కాక, కెర్నెల్ గడియారం టిక్కుల్లో రాశాడు. కొత్త కెర్నెల్‌లో ఆ టిక్కులు వేగంగా పడతాయి, ఆగే సమయం తగ్గిపోతుంది. ఈ పని తెలిసినవాళ్ళు మొట్టమొదట చూసుకునే చోటే అది. నేను చూడలేదు.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. "తప్పు నాదే మామా" అని గట్టిగానే అన్నాను.

"ఊరుకో పాపా. పగులుండే రాయి నేనే పెట్టినా. పోనీలే, దిష్టి పోయింది" అన్నాడు మామ, అందరికీ వినబడేట్టు.

ఆ రాయికి పగులు లేదని అక్కడున్న అందరికీ తెలుసు. రాళ్ళ మధ్యే పుట్టి పెరిగిన మనిషి, నన్ను కాపాడటానికి తనకు రాయి చూడటం రాదని పదిమందిలో ఒప్పుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రానికి టిక్కులను సెకన్లు చేశాను. మిషన్ ఇప్పటికీ నడుస్తోంది. తర్వాత కోసిన మంచి బండను పరుచుకోమని మామను బతిమాలాను. "తొలి బండ తొలి బండే" అని, ఆ రెండు ముక్కలనూ సిమెంటుతో అతికి గడప ముందరే పరిచాడు.

మొన్న పోతే పెరటి తలుపుకు గడియ పెట్టి ఉంది. ముందు నుంచే పోవాల్సి వచ్చింది. రాళ్ళ బేరానికి వచ్చిన ఒకాయన వాకిట్లో నిలబడి, "ఇదేందప్పా, రాళ్ళ ఫ్యాక్టరీ పెట్టుకోని ఇంటి ముందర ఇరిగిన బండ ఏసుకున్యావు?" అని అడుగుతున్నాడు.

మామ నన్ను చూసి ముఖమంతా నవ్వాడు. "అది మా పాప కోయించిన బండప్పా" అన్నాడు.

నేను చెప్పులు విప్పి, ఆ అతుకును తొక్కకుండా దాటి లోపలికి పోయాను.