గాసిని పిలిచేదెవరు

ఇప్పుడంటే మైకు కట్టిన జీపు సంతలో ఒక తిరుగుడు తిరిగితే లోయంతా కబురు పాకిపోతుంది. ఆ రోజుల్లో మామిడిపుట్టులో కబురంటే గాసి. గాసి ఆ ఊరి బారికి. పెళ్ళయినా, చావయినా, పంచాయితీ అయినా చుట్టూ ఉన్న గూడేలన్నీ నడిచి, ఒక్కొక్క గడప ముందూ నిలబడి పిలవడం అతని పని. "పొయ్యి కాడుంటే పొయ్యి ఇడిసి, పోడులో ఉంటే పార దింపి, పేరెట్టి పిలుత్తన్నాను, రావాల" అని మూడుసార్లు అనేవాడు. ఏం గొంతనుకున్నారు! ఈ కొండ మీద పిలిస్తే ఆ కొండ మీద కుక్కలు లేచేవి. పంట ఇంటికొచ్చాక గడపకి ఇన్ని సోలల సామలు కొలిచేవారు, అదే జీతం. అందర్నీ సభకు పిలిచిన ఆ మనిషి ఏనాడూ సభలో కూర్చోలేదు. గాసిది అరుగు కింద నిలబడే కులం. ఆ కాలాన్ని తలుచుకుంటే ఒకపక్క బెంగగా ఉంటుంది, ఒకపక్క ఒళ్ళు మండుతుంది.

డెబ్భై నాలుగు నాటికి ఊళ్ళో ఒక మందుల సంఘం ఉండేది. బడి పక్కన పెంకుటింట్లో ఒక నర్సమ్మ, ఒక బీరువా, నిండా మలేరియా మాత్రలు. గాసి కూతురు చిట్టెమ్మ చలిజ్వరంతో కళ్ళు తేలేస్తే ఆ నర్సమ్మే రెండు రోజులు పక్కన కూర్చుని బతికించింది. అప్పట్నుంచి ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే గాసి తలపాగా తీసి చేత్తో పట్టుకునేవాడు.

సంఘానికి కార్యదర్శి వరహాలరావు మేస్టారు, సాలూరు వైపు మనిషి. మంచివాడే పాపం, కాస్త చాదస్తం. మిగతా సభ్యులంతా కింద నుంచి వచ్చిన షావుకార్లు, కంట్రాక్టర్లు. నాలుగు చినుకులు పడితే ఘాట్‌రోడ్డు ఎక్కేవారు కాదు. మందులు పంపే విశాఖపట్నం పెద్దలకి విసుగొచ్చి ఉత్తరం రాశారు. కొండవాళ్ళని, ఆడవాళ్ళని సంఘంలో పెట్టండి, మేము వచ్చిన రోజున సభలో సభ్యులు ఏడుగురూ కూర్చుని కనబడాలి, లేదంటే నర్సమ్మని వెనక్కి పిలిపిస్తాం అన్నారు. మేస్టారు తననీ, ఒక షావుకారునీ ఉంచి, కొండ మీంచి నలుగురి పేర్లు రాసి, ముత్యాల్లాంటి అక్షరాలతో తలా ఒక కార్డు వేశాడు. ఏడోవాడి సంగతి తరవాత చూద్దామనుకున్నాడు. ఆదివారం పెంకుటింటి అరుగు మీద కుర్చీలు వేయించుకుని పొద్దుగూకేదాకా కూర్చుంటే నరమానవుడు రాలేదు.

"వీళ్ళకి శ్రద్ధ లేదోయ్ గాసీ" అన్నాడు మేస్టారు.

గాసి అరుగు కింద నుంచే తల అడ్డంగా ఊపాడు. "శ్రద్ధ నేకేటి బాబూ. కార్డు పిలుపవుతాదేటి? పేరెట్టి పిలవందే ఎల్తే తిండికెగబడొచ్చినట్టుంటాది. మావోళ్ళు సచ్చినా రారు. నాను పిలుత్తాను. ఆదివారం వొద్దు, సంతనాడెట్టండి, ఎలాగా దిగుతారు. ఆ కుర్సీలు తీసేసి సాపలేయించండి."

మేస్టారు కాగితం తీసి ఏడో పేరు రాసేశాడు. "గాసీ, నువ్వూ మెంబరువే" అన్నాడు. ఆ రాత్రి గాసి కూతురితో ఆ మాట నాలుగుసార్లు చెప్పాడు.

పెద్దలు వచ్చే సంతనాటికి గాసి మూడు రోజులు తిరిగి అందర్నీ పిలిచాడు. ఆ పొద్దున ఉతికిన పంచె కట్టుకుని, కొండ మీద తన ఇంటి గడప మీద కూర్చున్నాడు. బాగా పొద్దెక్కింది. కింద జీపు చప్పుడు వినబడింది.

"అయ్యా, ఎల్లవా? ఏడుగురు నేకపోతే నర్సమ్మెలిపోద్దన్నావు" అంది చిట్టెమ్మ.

"నన్నెవులు పిలిసేరే?" అన్నాడు గాసి.

పిలవని చోటికి వెళితే బారికిగానే వెళ్ళాలి, మళ్ళీ అరుగు కిందే నిలబడాలి. అలా నిలబడినవాడు లెక్కలోకి వస్తాడా? వెళ్ళకపోతే నర్సమ్మ పోతుంది. ఈసారి పిల్లకి జ్వరమొస్తే ఏ కొండకి మొక్కుకోవాలి? గాసి రెండుసార్లు లేచాడు, రెండుసార్లూ కూలబడ్డాడు.

అప్పుడు రొప్పుతూ దారెక్కి వచ్చింది సోములమ్మ. సంతలో అల్లం అమ్ముకునే మనిషి, నలుగురు కొండ సభ్యుల్లో ఒకతె. తిట్టలేదు, తొందరపెట్టలేదు. గాసి గడప ముందు నిలబడి ఊపిరి తీసుకుని, "పొయ్యి కాడుంటే పొయ్యి ఇడిసి, పోడులో ఉంటే పార దింపి, గాసన్నా, పేరెట్టి పిలుత్తన్నాను, రావాల" అంది. మూడుసార్లు అంది.

"ఊరందర్నీ నువ్వు పిలుత్తావు. నిన్ను పిలవాలని మా బుర్రలకి తట్టనేదన్నా. పద, బేగి పద" అంది ఆ తరవాత.

గాసి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూనే కొండ దిగాడు. అరుగెక్కి చాప మీద, షావుకారు పక్కన కూర్చున్నాడు. షావుకారు కాస్త జరిగాడు. ఎందుకు జరిగాడో ఎవరూ అడగలేదు. పెద్దలు ఏడుగుర్నీ లెక్కపెట్టుకున్నారు. నర్సమ్మ ఉండిపోయింది.

ఆనాటి నుంచి సభకు ముందు ఎవరో ఒకరు కొండెక్కి గాసిని పిలవడం ఆనవాయితీ అయింది. ఎనభై మూడులో గాసి మంచం పట్టాడు. ఆసారి వంతు మేస్టారుది. మోకాళ్ళు పట్టుకుంటూ ఎక్కి, గడప ముందు నిలబడి, మధ్యలో మాటలు తడబడుతూ ఆ పిలుపు మూడుసార్లూ పిలిచాడు.

"వొత్తన్నాను బాబూ" అన్నాడు గాసి. లేవలేకపోయాడు.

మేస్టారు కిందికి కబురు పంపి సభ చాపలు గాసి వాకిట్లోకే తెప్పించాడు.