నాగమ్మవ్వకు నేను చెప్పిన మబ్బు

నిన్న ధర్మవరం స్టేషనులో రైలు కోసం నిలబడి ఉన్నాను. పక్కనే ఒకామె తట్ట మీది గోనెపట్టా తొలగించింది. ఉడికిన చెనిక్కాయల, అదే వేరుసెనగల, ఆవిరి ముఖానికి కొట్టింది. ఆ వాసనకు నా గుండె ఎంత గట్టిగా అదిరిందంటే, రైలు వచ్చేసిందనుకుని ఇద్దరు ప్రయాణికులు పెట్టెలు నెత్తికెత్తుకున్నారు. పాతికేళ్ళు దాటినా అంతే. చెనిక్కాయ వాసన తగిలిందంటే నాగమ్మవ్వ ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయిన ఆ సాయంకాలం గుర్తొస్తుంది.

పందొమ్మిది వందల యాభైల చివర్లో, బడిలో అయివారి ఉద్యోగానికి హిందూపురం నుంచి పెనుకొండ వచ్చి, నాగమ్మవ్వ ఇంట్లో ఒక గది బాడుగకు తీసుకున్నాను. గది ఎంత చిన్నదంటే, కాళ్ళు చాపితే తల బెంగుళూరు రోడ్డు మీద పడేది. అవ్వ తెల్లవారుజామునే అరుగు మీద కూర్చునేది. చేలకు పోయే రైతులు ఆగి, "వాన వస్తాదా అవ్వా?" అని అడిగి, ఆమె చెప్పినట్టు చేసేవాళ్ళు. పంచాయతీ రేడియో "రాయలసీమలో అక్కడక్కడ జల్లులు" అన్నప్పుడల్లా ఆమె, "అక్కడక్కడంటే యాడప్పా? ఊరి పేరు తెలీనోనికి వాన సంగతేం తెలుస్తాది?" అనేది.

మా వీధికి సగం ఆకాశాన్ని ఊరి వెనక కొండే మింగేసింది. అవతల పుట్టే మబ్బు నెత్తి మీదికి వచ్చేదాకా వీధిలోంచి కనబడదు. నేను కండ పెంచడానికి రోజూ కొండెక్కేవాణ్ణి. దిగి రాగానే అవ్వ పట్టుకునేది. "ఏమప్పా అయివారా, మబ్బు ఎట్లుండాది? అడుగు ఏ రంగు? యాపక్క పోతాంది?" మబ్బుల జాతులన్నీ ఆమే నేర్పింది. గొర్రె ఉన్నిలా విడివిడిగా తేలేది నీడ తప్ప నీళ్ళివ్వదు. చాలా ఎత్తులో చీపురు గీతల్లా ఉంటే మూడోనాటికి గాలి మారుతుంది. బూడిదరంగు దుప్పటి కప్పితే రోజంతా తుంపర. అడుగు నల్లగా, చదునుగా ఉండి తల కోటబురుజులా పెరిగితే గొడ్లను లోపల కట్టేయాల్సిందే. తాను ముందే మిద్దెక్కి చూసుకుని, నాకు పరీక్ష పెడుతోందనుకున్నాను.

ఆ కార్తీకంలో మంచి వాన పడి వెలిసింది. మరునాడు హనుమంతప్ప అరుగు ముందుకొచ్చాడు. ఆరెకరాల చెనిక్కాయ అతనిది. ఇంటిల్లిపాదికీ ఏడాది కూడు అదే.

"పెరకమంటావా, ఆగమంటావా అవ్వా? నేల పదునారిపోతే కాయంతా మట్లోనే నిలిచిపోతాది. పెరికినాక వాన పడితే మొలకలొచ్చి కుళ్ళిపోతాది."

అవ్వ నావైపు తిరిగింది. "చెప్పప్పా."

నిజానికి కొండ అవతల ఉన్నది ఆరేడు ఉన్ని మబ్బులు. రోజూ అదే చప్పటి జవాబు చెప్పి నాకు విసుగు పుట్టింది. "మూడు బురుజులు లేచినాయవ్వా! అడుగు ఎనుము వీపంత నలుపు. కొండను మింగేటట్టుంది!" అన్నాను. "పోరా అబద్ధాలకోరా" అని నవ్వుతుందని ఎదురుచూశాను.

"ఆగు హనుమంతప్పా. పెరకొద్దు" అంది అవ్వ.

అతను వెళ్ళిపోయాడు. నేను బడికి పోయాను. అవ్వకు ఇంకేదో లెక్క ఉండి ఉంటుందనుకున్నాను. మూడు రోజులు ఎండ నిప్పులు చెరిగింది. నేల రాయైపోయింది. హనుమంతప్ప చెట్లు పెరికితే వేళ్ళు ఉత్తవే వస్తున్నాయని విని, సాయంకాలం అవ్వ దగ్గరికి వెటకారంగానే వెళ్ళాను.

"ఏమవ్వా, నీ లెక్క తప్పింది గదా?"

"నా లెక్క యాడిదప్పా? నువ్వు చెప్పిందే నేను చెప్తి."

"మిద్దెక్కి నువ్వు చూసుకోలేదా?"

"చూసేదానికి కండ్లు యాడుండాయి? పొర కమ్మి రెండేండ్లాయె. నువ్వు తెలుపో నలుపో కూడా ఎరగను."

పెనుకొండ కోట మొత్తం నా నెత్తిన కూలినా అంత అదరను. నాలుగు నెలలు ఒకే కప్పు కింద ఉన్నాను. ఆమె బియ్యంలో రాళ్ళు వేళ్ళతో తడిమి ఏరుతుంటే నేర్పరితనమని మెచ్చుకున్నాను! అది అబద్ధమని ఎలాగో చెప్పాను.

అవ్వ ముఖం కొండవైపు తిప్పింది. "అడుగు నలుపంటివే?" అంది.

"లేదవ్వా. ఉన్ని మబ్బే."

"పోయి హనుమంతప్పకు చెప్పు. చూసింది నువ్వు."

చేలో అతనూ భార్యా కూలబడి, పారతో మట్టి పెళ్ళగించి ఒక్కొక్క కాయ ఏరుతున్నారు. జరిగింది చెప్పాను. అవ్వకు చూపు లేదనీ, ఆమె తప్పేమీ లేదనీ అన్నాను.

హనుమంతప్ప నావైపు వింతగా చూశాడు. "ఆయమ్మకు కండ్లు పోయినాయని ఊరంతటికీ తెలుసు గదప్పా. మేం నమ్మింది నీ కండ్లను."

తిట్టలేదు. తిట్టి ఉంటే అదే నాకు పండగ. పార నా చేతికిచ్చి, "ఆ సాలు పట్టు" అన్నాడు. బడి ముందూ బడి తర్వాతా పదకొండు రోజులు తవ్వాను. ఈ సంఖ్య మాత్రం పెంచి చెప్పడం లేదు. అయినా సగం కాయ మట్టిలోనే మిగిలిపోయింది.

నెల రోజులు అవ్వ నన్ను మబ్బు సంగతి అడగలేదు. పాలు పోసే ఆమెను అడిగేది. తర్వాత ఒక పొద్దున నేను కొండ దిగి వస్తుంటే ముఖం నావైపు తిప్పింది. "పైన ఏముండాదప్పా?"

"ఏమీ లేదవ్వా."

"ఒక్కటన్నా లేదా?"

"లేదు."

"ఊ" అంది. ఏ ఇన్‌స్పెక్టరూ బడి తనిఖీకొచ్చి నన్ను అంతగా మెచ్చుకోలేదు.

నా నోటి దురద పోలేదు. ఇప్పటికీ పిల్లిని పులి చేస్తాను, పులిని రైలింజను చేస్తాను. కానీ ఎవరైనా నన్ను ఏదైనా అడిగితే ముందు భయంతో వాళ్ళ ముఖంలోకి చూస్తాను. తెలిసే అడుగుతున్నారా, నా మాట మీద ఆరెకరాలు ఆగి ఉన్నాయా అని. చూస్తే తెలియదు. అందుకని నిజమే చెప్పేస్తాను.