ఉప్పుటేటి పుళ్లకి సబ్బు వైద్యం

మా అమ్మ ఉప్పుటేట్లో దిగి, చేతులతో తడిమి పీతలు పట్టేది. వాటిని నరసాపురంలో అమ్మి నన్ను నర్సు చదువు చదివించింది. ఏటి గట్టున రొయ్యల చెరువులు తవ్వాక, మందులు కలిసిన నీళ్లన్నీ ఏట్లోకే వదిలేవారు. వదిలిన మర్నాడు పీతలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చేవి. ఏట్లో దిగే మిగతా ఆడవాళ్లకిలాగే అమ్మకీ అరచేతులు పగిలి రసి కారేవి.

రెండేళ్ల క్రితం ఆ చెరువుల యజమానే మా పేటలో ఉచిత వైద్య శిబిరం పెట్టించాడు. ఏరుని పాడుచేసిన మనిషి మంచినీళ్ల సీసాలు పంచుతుంటే జనం దణ్ణాలు పెట్టి తీసుకున్నారు. నేను పనిచేసే ఆసుపత్రి వాళ్లు రిజిస్టరు రాయడానికి నన్ను పంపారు.

వచ్చినాయన చర్మవ్యాధుల డాక్టరట. ఒక్కరి చెయ్యీ ముట్టుకోలేదు. పెన్ను కొనతోనే అటు తిప్పు, ఇటు తిప్పు అన్నాడు. అందరికీ ఒకటే రకం పూతమందు ట్యూబు. అమ్మ వంతు వచ్చింది.

"శుభ్రంగా ఉండాలమ్మా. సబ్బుతో కడుక్కో."

"కడుగుతానే ఉన్నానండి. చెరువు నీళ్లు వదిలినప్పుడే పుళ్లు పడతన్నాయండి."

"నీళ్ల సంగతి నీకేం తెలుసు?"

"నలభై ఏళ్ల నించీ అందులోనే ఉన్నానండి."

రిజిస్టరులో కారణం దగ్గర 'చెరువుల నీరు' అని రాశాను. ఆయన దాన్ని కొట్టేసి 'అపరిశుభ్రత' అని రాశాడు. యజమాని ట్యూబుని అమ్మ చేతికిచ్చి, ఫొటో కోసం కొంచెం నవ్వమన్నాడు. అమ్మ దాన్ని బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ పెద్దమనుషుల పక్కన నిలబడి ఫొటో దిగాను. వాళ్లని చూస్తే ఎంత రోత పుట్టిందో, నన్ను చూసుకున్నా అంతే పుట్టింది.

ఇంటికెళ్లి, "నేను రాశానమ్మా, ఆయన కొట్టేశాడు" అన్నాను.

"మళ్లీ రాయలేపోయావా?" అంది.

ఆ వారమే ఏటి నీళ్లు పరీక్షించమని అధికారులకు అర్జీ పెట్టాను. ఒకాయన జీపులో వచ్చాడు. నీళ్లు వదలని రోజున, యజమాని చూపించిన చోట సీసా ముంచి, అంతా బాగుందన్నాడు. కొబ్బరిబొండం తాగి వెళ్లాడు.

అమ్మ ఏట్లో దిగడం మానేసింది. రేవులో చేపలు కొని అమ్ముతోంది. రెండు నెలలకి చేతులు వాటంతటవే మానాయి. మిగతా ఆడవాళ్లు ఇంకా దిగుతూనే ఉన్నారు. నీళ్లు వదిలే రోజైనా ముందుగా చెప్పమని చెరువుల దగ్గరికెళ్లి అడిగాను. కాపలావాణ్ణి పంపి, అయ్యగారు భోజనం చేస్తున్నారని చెప్పించారు.