చేపల గట్టు మీద జీటీ కారు

కార్ల ర్యాలీ ఆఖరి రోజు ఉదయం ఏడింటికి ఏలూరులో బయలుదేరాం. కైకలూరు, ఆకివీడు, గణపవరం, పెంటపాడు మీదుగా మధ్యాహ్నానికి తాడేపల్లిగూడెం చేరాం. ఓడిపోయాం.

ఈ ప్రయాణానికి కారణం ఒక కారు. మా క్లబ్బు పోటీలో వేగానికి బహుమతి లేదు. మామూలు రోడ్ల మీద, చెప్పిన వేగంతో నడిపి, చెప్పిన వేళకు చేరాలి. ఆలస్యమైనా, ముందొచ్చినా మార్కులు పోతాయి. అలాంటి పోటీకి భీమవరం వర్మగారు నాలుగు వందల హార్స్‌పవర్ జీటీ కారు తెచ్చారు. అంత బలమైన బండి మన రోడ్లకు తగదని గట్టిగా వాదించింది నేనే. ఈసారికి నడవనిచ్చి, ఉంచాలా వద్దా అని అయ్యాక ఓటు వేద్దామన్నారు క్లబ్బువాళ్లు. ఆఖరి రోజు ఆయనకు దారి చెప్పే నావిగేటర్ జ్వరంతో పడుకున్నాడు. "వద్దన్నవారు మీరేగా మాస్టారూ, పక్కన కూర్చుని చూడండి" అన్నారు వర్మగారు. మా కారులో పదేళ్లు నా భార్య సుజాత ఆ సీట్లో కూర్చుని దారి చెప్పింది. పోయిన వేసవిలో చనిపోయింది. నేను ఆ వైపు కూర్చోవడం ఇదే మొదలు.

కైకలూరు దాటాక మా దారి చేపల చెరువుల గట్టు ఎక్కింది. రెండు వైపులా నీళ్లు, వాటి మీద తెల్లగా గూడబాతులు. సగం దూరం వెళ్లామో లేదో, ఐసూ చేపలూ నింపుకున్న వ్యాను ఎదురొచ్చింది. గట్టు మీద దారి లోడుబండిది. ఖాళీ బండే వెనక్కి వెళ్లాలి.

"లోడుందండీ. మీది ఖాళీయే కదా, కాస్త వెనక్కి తీయండి" అన్నాడు డ్రైవరు.

"దీన్ని పట్టుకుని ఖాళీ బండంటారేంటండీ! ఖరీదెంతో తెలుసా?" అన్నారు వర్మగారు.

"ఎంతైతే ఏవండీ, అందులో చేపల్లేవుగా!"

వర్మగారు పగలబడి నవ్వి రివర్సు వేశారు. వెనక అద్దంలో ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. నేను తలుపు తెరిచి, వంగి చక్రాన్ని చూస్తూ "కుడికి... చాలు... నిదానం" అంటున్నాను. వెడల్పాటి టైరుకూ నీళ్లకూ మధ్య జానెడు మట్టి. అంత పెద్ద ఇంజను పిల్లిలా గుర్రుమంటోంది. అర కిలోమీటరు అలాగే వెళ్లాం. ఒక్క మట్టిపెళ్ల జారలేదు. గూడబాతులు కదల్లేదు.

పోయిన సమయాన్ని వేగంతో రాబట్టుకుంటారనుకున్నాను. పెంటపాడు దగ్గర సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోశారు. వర్మగారు ఒక్క గింజ తొక్కకుండా నడిపించారు. "మార్కులు పోతాయండీ" అన్నాను. "పోతే పోనివ్వండి మాస్టారూ."

బలం ఎక్కువైతే అదుపు ఉండదని నా వాదన. అదుపంటే ఏమిటో ఈ రోజు పక్కనుంచి చూశాను. పక్క సీటు నుంచి దారి వేరుగా కనిపిస్తుంది. స్టీరింగు మన చేతిలో ఉండదు, నడిపేవాణ్ణి నమ్మాలి. సుజాత పదేళ్లు చేసింది ఆ పనే.

ఇటు కారులో వచ్చేవారికి ఒక మాట. గట్టు ఎక్కాక బండ్లు తప్పుకునే వెడల్పు చోటు కనిపించినప్పుడల్లా గుర్తుపెట్టుకోండి, వెనక్కి రావాల్సి ఉంటుంది.

రేపు ఉదయం ఏలూరులో ఓటు. ఆ కారు ఉండాలని చెయ్యెత్తుతాను. తర్వాత వచ్చే ఏడాది పోటీకి నా పేరిస్తాను, నావిగేటర్‌గా.